కార్డుల పెట్టె నుంచి కంప్యూటరుకు: మన గ్రంథాలయాలకు ఏ సూచీకరణ ప్రమాణం తగినది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరి గ్రంథాలయం నడిపేవారు, కళాశాల లైబ్రేరియన్లు, పెద్దవారు పోయాక బీరువాల్లో మిగిలిన పుస్తకాలను పదిమందికీ అందుబాటులోకి తేవాలనుకునే కుటుంబాలవారు, పుస్తకాల జాబితాను, అంటే సూచీని, కంప్యూటరులోకి ఎక్కించే ముందు సాధారణంగా అడిగే ప్రశ్న “ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?” అన్నది. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మీ దగ్గరకు వచ్చే పాఠకుడు దేన్ని వెతుక్కుంటూ వస్తాడన్నది మొదటిది. మీ జాబితా రేపు ఇంకెవరి జాబితాతో కలవాలన్నది రెండోది. ఈ రెండూ తేలితే మూడోది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

మొదటి ప్రశ్నకు శ్రీకాకుళంలోనే మంచి ఉదాహరణ ఉంది. కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం పుస్తకాన్ని కాక కథను లెక్కలోకి తీసుకుంది. ఒక కథను ఎవరు రాశారు, ఏ పత్రికలో ఎప్పుడు అచ్చయింది, తరవాత ఏ సంపుటిలో చేరింది అన్న వివరాలే అక్కడి జాబితాకు ప్రాణం. అదే సంపుటిని ఒక మామూలు శాఖా గ్రంథాలయం నమోదు చేస్తే, పేరు, రచయిత, వెల అన్న ఒక్క వరుసతో పని ముగుస్తుంది. లోపలి పదిహేను కథలూ పాఠకుడి కంటికి కనిపించవు. రెండూ తప్పు కావు. పుస్తకాన్ని ఇంటికి ఇచ్చి మళ్లీ తీసుకునే చోట పుస్తకమే లెక్క; పరిశోధకులు వచ్చి కూర్చునే చోట కథ, వ్యాసం, పద్యం లెక్క. ఈ తేడాను ముందుగా తేల్చుకోనివారు సగం పని అయ్యాక మళ్లీ మొదటి బీరువా దగ్గరకు రావలసి వస్తుంది.

పోలికలోకి వెళ్లే ముందు ఒక గందరగోళాన్ని తొలగించాలి. మార్క్, ఆర్‌డీఏ, కోహా అన్న పేర్లను ఒకదానికొకటి పోటీ అన్నట్టుగా చెప్పడం తరచు వింటుంటాను. ఆర్‌డీఏ అనేది ఏ వివరాన్ని ఎలా రాయాలో చెప్పే నియమావళి. మార్క్ 21 అనేది ఆ వివరాన్ని ఏ గడిలో పెట్టాలో చెప్పే ఏర్పాటు. కోహా అనేది ఆ గడులను నింపడానికి, వెతికిపెట్టడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్. ఇల్లు కట్టేవాడు ప్లాను కావాలా, ఇటుక కావాలా, మేస్త్రి కావాలా అని ఎంచుకోడు కదా.

మార్క్ 21

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 1960లలో హెన్రియెట్ ఏవ్రమ్ నాయకత్వంలో తయారైన మార్క్, కార్డు మీది వివరాలను యంత్రం చదవగలిగేలా మార్చడానికి పుట్టింది. అమెరికా, కెనడా దేశాల రూపాలను కలిపి 1999లో దానికి మార్క్ 21 అని పేరు పెట్టారు. ఇందులో ప్రతి వివరానికీ ఒక అంకె ఉంటుంది: 100 అంటే రచయిత, 245 అంటే గ్రంథనామం, 020 అంటే ఐఎస్‌బీఎన్ (పుస్తకపు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), 650 అంటే విషయం. కథానిలయం తరహా పనికి కావలసిన గడి 773. ఈ కథ ఏ సంపుటిలోది, ఏ పత్రిక ఏ సంచికలోది అన్నది అందులో రాస్తారు. అంకెలు మొదట భయపెట్టే మాట నిజమే గాని, రోజూ పనిచేసేవారికి నెల తిరిగేసరికి అవి కొత్తగా చేరిన పుస్తకాలను వరుసగా రాసుకునే యాక్సెషన్ రిజిస్టరులోని గళ్లంత మామూలైపోతాయి.

దీని అసలు లాభం వేరే ఉంది. ఇతర గ్రంథాలయాలు ఇప్పటికే తయారు చేసిన రికార్డును, అంటే ఒక పుస్తకపు వివరాల నమోదును, మనం నేరుగా దించుకోవచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి తన ఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు సేకరిస్తూ వచ్చింది కనుక, మన బీరువాల్లో ఉన్న చాలా తెలుగు పుస్తకాలకు అక్కడ రికార్డులు దొరుకుతాయి. అయితే వాటిలో తెలుగు పేర్లు సాధారణంగా రోమన్ లిపిలో, అక్షరాల కింద చుక్కలతో, పైన గీతలతో ఉంటాయి. వాటిని అలాగే ఉంచేస్తే, తెలుగులో టైపు చేసి వెతికే పాఠకుడికి పుస్తకం లేనట్టే. రోమన్ రూపాన్ని ప్రధానంగా ఉంచి తెలుగును 880 అనే సమాంతర గడిలో పెట్టడం అంతర్జాతీయంగా ఉన్న పద్ధతి. మన గ్రంథాలయాలకు దీన్ని తిరగేయడమే మేలని నా అభిప్రాయం: 245లో అట్ట మీద ఉన్నట్టే తెలుగు పేరు, 246లో రోమన్ రూపం.

మార్క్‌లోని కష్టం కాలానికి సంబంధించినది. ఒక పుస్తకానికి పూర్తి రికార్డు తయారు చేయడానికి 15 నిమిషాలు పడుతుందనుకుందాం. 10,000 పుస్తకాలకు 2,500 గంటలు అవుతుంది. రోజుకు 5 గంటల చొప్పున ఒక్క మనిషి చేస్తే అది 500 పనిదినాలు. అదే 5 నిమిషాల్లో ముగిసే కనీస రికార్డు అయితే 833 గంటలతో సరిపోతుంది. అందుకే మార్క్ ఎంచుకున్నవారు మొదటిరోజే తమకు తప్పనిసరి అయిన గడులేవో పదో పన్నెండో రాసుకుని, గోడకు అంటించుకుని, మిగిలినవాటి జోలికి పోకుండా ఉండడం మంచిది. ఈ పని చేయని చోట ఉత్సాహవంతుడైన కొత్త ఉద్యోగి మొదటి 300 పుస్తకాలకు ప్రతి గడీ నింపి, తరవాత విసిగి, మిగిలిన వేలకు పేరు మాత్రం రాసి వదిలేయడం జరుగుతుంటుంది.

ఆర్‌డీఏ: డబ్బు పెట్టి కొనాలా?

కార్డుల కాలంలో 1978 నాటి రెండో ఆంగ్లో-అమెరికన్ నియమావళి రాజ్యమేలింది. దాని స్థానంలో 2010లో ఆర్‌డీఏ వచ్చింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని 2013 మార్చి 31 నుంచి అమలులో పెట్టింది. ఇది చందా కట్టి ఆన్‌లైనులో చదువుకోవలసిన నియమావళి. ఊరి గ్రంథాలయం ఆ చందా కట్టనక్కరలేదు. దాని వెనుక ఉన్న ఆలోచనను మాత్రం వదులుకోకూడదు.

ఆ ఆలోచనను వివరించడానికి విజయనగరంలో పుట్టిన నాటకాన్ని మించిన ఉదాహరణ లేదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు కేవలం పునర్ముద్రణ కాదు. ఆయన నాటకాన్ని దాదాపు తిరిగి రాశారు. తరవాత వచ్చిన ముద్రణల్లో ఎక్కువ భాగం రెండో కూర్పునే అనుసరించాయి. పాత కార్డుల పెట్టెలో ఇవన్నీ ఒకే పేరు కింద వరుసగా నిలబడతాయి. ఏ కార్డు ఏ పాఠానిదో పాఠకుడికి తెలియదు. ఆర్‌డీఏ ప్రకారం నాలుగు మెట్లు ఉంటాయి. వాటికి మన పండితుల పరిభాష చక్కగా సరిపోతుంది: కృతి, పాఠం, ముద్రణ, ప్రతి. నాటకం కృతి, 1897, 1909 పాఠాలు రెండు, ఫలానా ప్రచురణకర్త ఫలానా సంవత్సరం వేసినది ముద్రణ, మీ బీరువాలో చెదలు కొట్టిన అట్టతో ఉన్నది ప్రతి. నాటక బృందానికి ఏదో ఒక ముద్రణ దొరికితే చాలు, పరిశోధక విద్యార్థికి 1897 పాఠమే కావాలి. పాఠభేదాలు, పాఠాంతరాలు అని తాళపత్రాల నాటి నుంచి మాట్లాడుకుంటున్న మనకు ఇది కొత్త విద్య ఏమీ కాదు. “పాఠం: మొదటి కూర్పు” అని 250 గడిలో ఒక్క మాట రాస్తే ఆర్‌డీఏ ఆశయంలో సగం నెరవేరినట్టే.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1934లోనే వర్గీకృత సూచీ నియమావళి రాశారు కదా, దాన్ని ఎందుకు పట్టించుకోరని అడిగేవారున్నారు. ఆయన ఆలోచన గొప్పది. కాని ఆ నియమావళి ప్రకారం తయారైన రికార్డులను నేరుగా పంచుకునే యంత్రాంగం ఇవాళ మన చేతిలో లేదు. ఇక పుస్తకం వెన్ను మీద ఉన్న వర్గీకరణ సంఖ్య డ్యూయీ దశాంశ పద్ధతిదైనా, రంగనాథన్ కోలన్‌దైనా, దాన్ని మార్చకండి. తెలుగు సాహిత్యానికి డ్యూయీలో 894.827 అన్న సంఖ్య ఉంది. అది ఇప్పటికే వాడుకలో ఉన్న చోట అలాగే కొనసాగించవచ్చు. సూచీకరణ మారిందని బీరువాలు సర్దనక్కరలేదు.

డబ్లిన్ కోర్

ఈ డబ్లిన్ ఐర్లండుది కాదు, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఊరు. అక్కడ 1995లో జరిగిన సమావేశం నుంచి వచ్చిన ఈ పద్ధతిలో మొత్తం 15 గడులే ఉంటాయి. వాటిలో ఏదీ తప్పనిసరి కాదు, ఏ గడినైనా ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. డిగ్రీ చదివే పిల్లవాడికి ఒక పూటలో నేర్పవచ్చు. స్కాన్ చేసిన పత్రికలు, కరపత్రాలు, ఫోటోలు, పాటల రికార్డింగులు వంటి వాటికి ఇది బాగా నప్పుతుంది. 2002లో వచ్చిన డీస్పేస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దీని మీదే నడుస్తాయి. మీ దగ్గర ఉన్నది ముద్రిత పుస్తకాల కంటే పాత సంచికల స్కాన్లే ఎక్కువైతే, లేదా హరికథలు, నాదస్వర కచేరీల ధ్వనిముద్రణలు చేర్చాలనుకుంటే, మార్క్‌తో కుస్తీ పట్టకుండా ఇటే రావచ్చు.

దీని లోపమల్లా సులువుగా ఉండడంలోనే ఉంది. రచయితకు ఒక గడి, సహకరించినవారందరికీ కలిపి ఒకే గడి. అనువాదకుడు, పరిష్కర్త, వ్యాఖ్యాత, పీఠిక రాసినవారు, బొమ్మలు గీసినవారు అందరూ ఆ ఒక్క గడిలో కలిసిపోతారు. మన పాత కావ్యాల ముద్రణల్లో మూలకర్త కంటే పరిష్కర్త పేరుతోనే పుస్తకాన్ని గుర్తుపెట్టుకునే పాఠకులు ఉన్నారు. వారికి ఇది చాలదు. అదనపు విశేషణాలతో కూడిన విస్తృత రూపాన్ని వాడితే కొంత ఊరట దొరుకుతుంది. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే లెక్కలు మాత్రం డీస్పేస్‌తో సాగవు.

బిబ్‌ఫ్రేమ్ గురించి రెండు మాటలు చాలు. మార్క్ స్థానంలో రాబోయేదిగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011లో మొదలుపెట్టి, 2016లో రెండో రూపాన్ని విడుదల చేసింది. మార్క్ రికార్డులను దానిలోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి కనుక, మార్క్ శుభ్రంగా రాసుకున్నవారు రేపు దాని గురించి కంగారు పడనక్కరలేదు. ఇవాళ దాంతో మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఎక్సెల్ షీటును తక్కువగా చూసేవారితో నేను ఏకీభవించను. 800 పుస్తకాలున్న పఠనాలయానికి అదే సరైన తొలి మెట్టు కావచ్చు, ఒక్క షరతు మీద: ఒక గడిలో ఒకే వివరం ఉండాలి. “రచయిత, అనువాదకుడు, వెల, ముద్రణ” అన్నీ ఒకే గడిలో కామాలతో కుక్కిన షీటును తరవాత ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు.

పేర్లు: అసలు కష్టం ఇక్కడ

ఇంతవరకు చెప్పినది ఏ దేశపు గ్రంథాలయానికైనా వర్తిస్తుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. పేరులో చివరి మాటను ఇంటిపేరనుకునే పాశ్చాత్యపు అలవాటుతో డేటా ఎక్కించిన చోట “అప్పారావు, గురజాడ” అనీ, “రావు, కె. రామ” అనీ రాసిన రికార్డులు నా కంటపడ్డాయి. మన జిల్లాల్లో అప్పలనాయుడు, అప్పలస్వామి, సూర్యనారాయణ అన్న పేర్లు వీధికి నాలుగు ఉంటాయి. ఇంటిపేరు వెనక్కి పోతే మనిషి దొరకడు. కాబట్టి “గురజాడ అప్పారావు” అని, కామా కూడా లేకుండా, అలవాటైన వరుసలోనే రాయడం మంచిది.

తరవాతి చిక్కు కలం పేర్లది. చాగంటి సోమయాజులును చాసో అనే అంటాం. ఆరుద్ర అసలు పేరు తెలియని పాఠకులే ఎక్కువ. పాఠకులకు బాగా తెలిసిన రూపాన్ని ప్రధానంగా ఉంచి, మిగిలిన రూపాల నుంచి దానికి దారి చూపమని ఆర్‌డీఏ చెబుతుంది. ఇది న్యాయమైన నియమం. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో, తరవాత మరో ఇంటిపేరుతో రాసిన రచయిత్రుల విషయంలో ఈ దారి చూపడం మరీ అవసరం. గిడుగు రామమూర్తి అన్న ఒక్క పేరే అట్టల మీద రామ్మూర్తి, వెంకట రామమూర్తి, వేంకట రామమూర్తి, రామమూర్తి పంతులు అని రకరకాలుగా కనిపిస్తుంది. కంప్యూటరుకు వీరు నలుగురు వేర్వేరు మనుషులు. మార్క్‌లో ఇందుకోసం వేరే ప్రామాణిక నామాల ఫైలు ఉంటుంది. అందులో 100 గడిలో ఖాయం చేసిన పేరు, 400 గడుల్లో మిగిలిన రూపాలు రాస్తారు. డాక్టర్, శ్రీమతి, మహాకవి వంటి గౌరవపదాలు పేరులో భాగం కావు.

డిజిటల్ కాలానికి కొత్త సూచీకరణ ప్రమాణం కావాలని సభల్లో తరచు వింటున్నాం. మన రెండు జిల్లాల మేరకు నాకు తోచేది ఇది: కొత్త ప్రమాణాన్ని కనిపెట్టనక్కరలేదు, ఉన్న ప్రమాణం మీద నాలుగు పుటల స్థానిక నియమాలు, అందరూ పంచుకునే ఒక్క పేర్ల ఫైలు కావాలి. విజయనగరంలోని కళాశాల గ్రంథాలయం చాసోను ఒకలా, శ్రీకాకుళంలోని శాఖా గ్రంథాలయం మరోలా రాస్తే, రేపు రెండు జాబితాలనూ కలిపినప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ మనల్ని కాపాడదు.

ఆ నాలుగు పుటల్లో సంవత్సరాల గురించి ఒక పేరా ఉండాలి. పాత పుస్తకాల మీద శాలివాహన శకమో, సంవత్సర నామమో మాత్రమే ఉండవచ్చు. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం సుమారుగా వస్తుంది. 1819 శకం అంటే 1897. సంవత్సర నామం ఒక్కటే ఉంటే చిక్కే: “ప్రభవ” అంటే 1867-68 కావచ్చు, 1927-28 కావచ్చు, 1987-88 కూడా కావచ్చు. పైగా ఉగాదితో మొదలయ్యే సంవత్సరం రెండు ఆంగ్ల సంవత్సరాల మీద పరుచుకుంటుంది. అట్ట మీద ఉన్నదాన్ని ఉన్నట్టు రాసి, కాగితం, వెల, ముద్రాక్షరశాల పేరు చూసి ఊహించిన సంవత్సరాన్ని చతురస్ర కుండలీకరణాల్లో పక్కన చేర్చాలి.

మరో పేరా ఇక్కడి గిరిజనుల సవర భాషకు కేటాయించాలి. ఈ ప్రాంతపు గ్రంథాలయం సవర పుస్తకాన్ని “తెలుగు” అని నమోదు చేయడం, అది తెలుగు లిపిలో ఉన్నా సరే, క్షమించరాని పొరపాటు. గిడుగు 1931లో ఆ భాష వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ప్రచురించిన నేల ఇది. తెలుగుకు మార్క్‌లో ‘టీ-ఈ-ఎల్’ అన్న సంకేతం ఉంది. సవరకు మార్క్ సొంత జాబితాలో విడి సంకేతం లేక ముండా భాషల ఉమ్మడి సంకేతం వాడతారు. దాంతో సరిపెట్టుకోకుండా 041 గడిలో ఐఎస్ఓ 639-3 అనే అంతర్జాతీయ భాషా సంకేతాల జాబితాలోని ‘ఎస్-ఆర్-బీ’ని వాడి, లిపి ఏదన్నది 546లో విడిగా రాయవచ్చు. డబ్లిన్ కోర్‌లో భాషకు గడి ఉంది గాని లిపికి లేదు, వివరణలో చెప్పుకోవాలి.

యూనికోడ్, సాఫ్ట్‌వేర్

కొన్నేళ్ల కిందట ఒక ఊరి పఠనాలయం జాబితాను సరిచేయడానికి వెళ్లాను. అందరూ గర్వంగా చూపించిన ఆ ఫైలును నా కంప్యూటరులో తెరిస్తే రోమన్ అక్షరాల గజిబిజి తప్ప మరేమీ లేదు. డీటీపీ సెంటరులో, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ సంకేతాలు కాని ఫాంటుతో టైపు చేయించారు. వేసవి సెలవులన్నీ దాన్ని మార్చడానికే సరిపోయాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. ఇప్పుడు ఆ తప్పు చేయడానికి కారణమేమీ లేదు. యూనికోడ్ వాడినా ఒక చిన్న ఉచ్చు ఉంది: “సాఫ్ట్‌వేర్” వంటి మాటల్లో పొల్లు నిలబెట్టడానికి టైపు చేసే కనిపించని అక్షరం ఒక రికార్డులో ఉండి, మరో రికార్డులో లేకపోతే, వెతుకులాటలో ఒకటి దొరికి ఒకటి దొరకకపోవచ్చు. దాన్ని వాడాలా వద్దా అన్నది నియమాల్లోనే తేల్చుకోండి.

న్యూజిలాండులో పుట్టి 2000లో వాడుకలోకి వచ్చిన కోహా ఉచితం. మార్క్ 21కు పూర్తిగా సరిపోతుంది. లైనక్స్ తెలిసిన మనిషి ఒకరు అందుబాటులో ఉండడం మాత్రం తప్పనిసరి. తెలుగు వెతుకులాట సరిగా సాగాలంటే కోహాలోని జీబ్రా శోధన యంత్రంలో, యూనికోడ్ అక్షరాలను సరిగా పోల్చే ఐసీయూ అమరికను ఆన్ చేయాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. ప్రభుత్వ గ్రంథాలయాలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ ఇచ్చే ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గడం సబబు. సర్వరు గొడవ తగ్గుతుంది. కళాశాలల్లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ వారి సోల్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికే నడుస్తుంటే దాన్ని మార్చవలసిన పనిలేదు. ఏదైనా సరే, మొత్తం జాబితాను మార్క్ ఫైలుగా బయటకు ఇస్తుందా లేదా అన్నది చేత్తో పరీక్షించి చూడండి. మాట మీద నమ్మకండి. ఆ ఫైలు నకలు ఒకటి ప్రతి నెలా వేరే ఊళ్లో ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజులు చూసిన జిల్లాకు దీన్ని ఇంకా వివరించనక్కరలేదు.

ఇక ఎంపిక. పుస్తకాలు ఇంటికిచ్చే గ్రంథాలయానికి కనీస గడుల మార్క్ 21, కోహా లేదా ఈ-గ్రంథాలయ. స్కాన్లు, ధ్వనిముద్రణలు ప్రధానమైన చోట డబ్లిన్ కోర్, డీస్పేస్. కథలు, వ్యాసాలు వెతికే పరిశోధకులు వచ్చే చోట, మనుషులు ఉంటే, 773తో కూడిన మార్క్. మనుషులు లేకపోతే ముందు పుస్తకాల వరకు పూర్తి చేసి, కథలను తరవాత చేర్చుకోవడం. వెయ్యిలోపు పుస్తకాలున్నవారు ఒక ఏడాది ఎక్సెల్‌తో గడిపినా నష్టం లేదు.

నిర్ణయం తీసుకునే ముందు మీ బీరువాల నుంచి కష్టమైన 20 పుస్తకాలు తీయండి: అట్ట లేనిది, సంవత్సర నామం మాత్రమే ఉన్నది, ఇద్దరు పరిష్కర్తలున్నది, కలం పేరుతో వచ్చినది, సవరలో ఉన్నది, మూడు నవలలు కలిపి బైండు చేసినది. వాటిని ఇద్దరు మనుషులు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా నమోదు చేయాలి. రెండు జాబితాలు ఎక్కడ తేడా పడ్డాయో, మీ నాలుగు పుటల నియమాలు అక్కడి నుంచే రాయడం మొదలుపెట్టండి.